ఎవారిస్తో పడిన చోటు

అర్జెంటీనాలోని రోసారియోలో మా పేట ఫుట్‌బాల్ క్లబ్బు గెలిచిన ఒకే ఒక్క కప్పు, మా ఆటగాడు ఎవారిస్తో కింద పడటం వల్ల వచ్చింది. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. ఫైనల్ ఆఖరి నిమిషంలో, గోలు ముందు, అవతలి పేట డిఫెండర్ సునీనో కాలు చాపాడు. ఎవారిస్తో పల్టీ కొట్టాడు. రిఫరీ ఈల వేసి పెనాల్టీ ఇచ్చాడు, అది గోలైంది. ఆ కాలు తగిలిందా లేదా అన్నదే ముప్పై ఒక్క ఏళ్ళుగా మా క్లబ్బు క్యాంటీన్‌లో నలుగుతున్న గొడవ.

ఎవారిస్తో ఇప్పుడు మాంసం కొట్టు నడుపుతాడు. బండ చేతులు, మాట తక్కువ. తగిలిందో లేదో ఏనాడూ నోరు విప్పలేదు. అతని బదులు క్యాంటీనే మాట్లాడుతుంది. కిటికీ పక్క బల్లవాళ్ళది "తగిలింది" పార్టీ, గోడ పక్క బల్లవాళ్ళది "నటించాడు" పార్టీ. గర్వం మాత్రం గోడ పక్కవాళ్ళకే ఎక్కువ.

"తన్నితే ఎవడైనా పడతాడు. గాలికి పడి కప్పు తెచ్చినవాడే మొనగాడు!"

"నోర్ముయ్! మనవాణ్ణి దొంగంటావా?"

"దొంగనలేదురా సన్నాసీ, కళాకారుడన్నాను."

ఆటలో నిజాయితీ గురించి ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషులు ఇక్కడ ఒక్క ఆదివారం కూర్చోవాలి. రిఫరీని మోసం చేయడం తప్పా అని మాలో ఎవరూ అడగరు. బాగా చేశాడా అని అడుగుతారు. నేనూ అంతే, అందులో నాకు సిగ్గేమీ లేదు.

ఏటా అక్టోబరులో, అదే రోజున, మైదానంలో సున్నంతో గుర్తుపెట్టిన చోట ఎవారిస్తో మళ్ళీ పడతాడు. ఎవడో ఒకడు సునీనో వేషం కట్టి కాలు చాపుతాడు. అందరం "పెనాల్టీ!" అని అరిచి, నిప్పుల మీద కాల్చిన పక్కటెముకల మాంసం మీద పడతాం.

కిందటేడు ఆ పండగ ఇంకో వారం ఉందనగా, అసలు సునీనోయే కొట్టుకి వచ్చాడు. నేను మాంసం కోసం నిలబడి ఉన్నాను.

"ఏమయ్యా, గుర్తుపట్టావా?"

"నీ కాలిని గుర్తుపట్టాను," అన్నాడు ఎవారిస్తో.

సునీనో నవ్వలేదు. "మా పేటలో నా పేరు గొడ్డలి. కప్పు పోగొట్టినవాణ్ణి. తగల్లేదని చెప్పీ చెప్పీ, ఇప్పుడు నాకే అనుమానం పట్టుకుంది. నా కాలు ఏం చేసిందో నాకే తెలియకుండా పోయింది. నువ్వు చెప్పు, తగిలిందా?"

ఎవారిస్తో కత్తి కింద పెట్టాడు. "ఆదివారం రా. ఈసారి నీ వేషం నువ్వే కట్టు."

వచ్చాడు. పేటంతా సున్నం గుర్తు చుట్టూ మూగింది. ఎవారిస్తో పరిగెత్తాడు. సునీనో కాలు చాపాడు. ఆ కాలు ఇంకా బారెడు దూరంలో ఉండగానే ఎవారిస్తో పల్టీ కొట్టాడు.

ఎవరూ పెనాల్టీ అని అరవలేదు.

"ఆ రోజూ ఇంతే దూరం," అన్నాడు నేలమీద నుంచే, గట్టిగా. "తగల్లేదు."

"చెప్పామా!" అని గోడ పక్కవాళ్ళు గంతులేశారు.

"ఆ ముసలి సునీనోమీద జాలిపడి అబద్ధమాడుతున్నాడు! ఇదీ నటనే!" అన్నారు కిటికీ పక్కవాళ్ళు. ఆ గొడవ ఇప్పటికీ నడుస్తోంది.

సునీనోకి అవేవీ పట్టలేదు. తన కాలికేసి ఒకసారి చూసుకుని, చెయ్యిచ్చి ఎవారిస్తోని లేపాడు.

"వెధవా, ఎంత బాగా పడ్డావురా!"

"తెలుసు," అన్నాడు ఎవారిస్తో, మోకాలికంటిన సున్నం దులుపుకుంటూ.