ఓవర్ మార్చమన్న పెద్దమనిషి

మొన్న తిరువూరులో ఒక పెద్దమనిషికి క్రీడాభిమాని అని శాలువా కప్పారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన అభిమానం ఎలాంటిదో నాకు బాగా తెలుసు. దానికి బలైన పిల్ల నా జట్టులోనే ఆడింది.

మేం పదో తరగతిలో ఉన్నప్పుడు మా బడి ఆడపిల్లల జట్టు మొట్టమొదటిసారి జిల్లా బేస్‌బాల్ ఫైనల్స్‌కి వచ్చింది. మూడు ఆటల్లో రెండు గెలిచినవాళ్ళదే కప్పు. ఈ ఆటలో బ్యాటు పట్టినవాళ్ళకి బంతి వేసే మనిషిని పిచ్చర్ అంటారు. మా పిచ్చర్ గంపలగూడెం వైపు నుంచి షేర్ ఆటోలో వచ్చే పిల్ల. వాళ్ళమ్మ పత్తి ఏరడానికి పోయేది. అది విసిరే బంతి పట్టడానికి మా క్యాచర్ గ్లవుజులో పాత గుడ్డ కుక్కుకునేది. మొదటి ఆట అదే గెలిపించింది. రెండోది మా చేతుల్లోంచి జారిన క్యాచుల వల్ల పోయింది. అందులో ఒకటి నాదే.

మూడో ఆట చూడటానికి రాష్ట్ర జట్టు సెలెక్టర్లు ఇద్దరు వచ్చారు. ఇక్కడి నుంచి ఒక్క పిచ్చర్ని తీసుకుంటారని మా పీఈటీ సార్ ముందే చెప్పారు. ఎంపికైతే హాస్టల్లో సీటు, ఇంటర్ చదువు. కాకపోతే తనతోపాటు పత్తిచేలోకే అని వాళ్ళమ్మ తేల్చి చెప్పేసింది. అయినా ఆ రోజు పని మానుకుని వచ్చి ప్రహరీ గోడ పక్కన కూర్చుంది.

ఈ ఆటలో ఇన్నింగ్స్ అంటే రెండు జట్లూ ఒక్కోసారి బ్యాటు పట్టడం. అవి మూడు అయ్యేసరికి మాకు రెండు పరుగులు. అవతలివాళ్ళకి ఒక్కటీ లేదు. అప్పుడు మాకు గ్లవుజులు కొనిచ్చిన ముఖ్య అతిథి, అంటే ఈ శాలువా పెద్దమనిషే, తగుదునమ్మా అని మైకు అందుకున్నారు.

"ఏంటండీ ఇది? ఇందాకట్నుంచీ ఓవర్లన్నీ ఆ అమ్మాయే వేస్తోంది! ఇంకో బౌలరే లేదా? అందరికీ ఛాన్సివ్వాలి కదా!"

క్రికెట్ తప్ప ఇంకో ఆట ఎరగని జనం ఈలలు వేశారు. సార్ పరిగెత్తుకెళ్ళి, "ఇది క్రికెట్ కాదండి, ఇందులో ఒక్కళ్ళే వేస్తూ ఉండొచ్చండి" అన్నారు.

"ఏ ఆటకైనా న్యాయం ఒకటేనయ్యా" అన్నారాయన.

తెలియకపోవడం తప్పు కాదు. తెలియనిదాన్ని మైకులో చెప్పడం తప్పు. తెలిసినవాడు దానికి తలూపడం ఇంకా పెద్ద తప్పు. సార్ తలూపారు. వచ్చి దాని చేతిలో బంతి తీసి నాకిచ్చారు.

నేను తీసుకున్నాను. లోపల కాస్త సంబరం కూడా వేసింది, ఇప్పుడు దాచడమెందుకు? ఎవరో ఫొటో తీశారు.

నా బంతులు ఎటు పోయాయో ఆ దేవుడికే తెలియాలి. ఆ ఒక్క ఇన్నింగ్స్‌లోనే నాలుగు పరుగులిచ్చాను. అతిథి కుర్చీలో ఉన్నంతసేపూ సార్ దాన్ని మళ్ళీ వెయ్యమనలేదు. ఓడిపోయాం.

నీళ్ళ డ్రమ్ము దగ్గర సెలెక్టర్ల మాటలు నా చెవిన పడ్డాయి. "ఈ బడి పిల్లే బాగా వేసింది. కానీ గెలుస్తున్నప్పుడు పిచ్చర్ని ఎవరైనా తీస్తారా? భుజం పోయుంటుంది. మనకెందుకు రిస్కు." అవతలి పిచ్చర్ పేరు రాసుకున్నారు. ఆట తెలియనాయన దాన్ని తీయించారు. తీశారు కదా అని, ఆట తెలిసినవాళ్ళు దాన్ని వదిలేశారు.

"భుజానికేం కాలేదు సార్" అంటే సరిపోయేది. సార్ తిడతారని భయపడి బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను.

వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చింది. "మా పిల్లేం తప్పు చేసిందమ్మా, తీసేశారు?"

"ఏం చెయ్యలేదండీ."

"ఏం చెయ్యకుండానే తీసేస్తారా?" అంటూ కూతురి వైపు కోపంగా చూసింది. జూన్‌లో మేమంతా కాలేజీలో చేరాం, అది చేరలేదు.

మొన్నటి సభలో ఫ్లెక్సీ మీద ఆనాటి ఫొటోనే వేశారు. చేతిలో బంతితో నేను. కింద "మన ఊరి స్టార్ పిచ్చర్" అని పెద్ద అక్షరాలు. నన్ను పిలిచింది కూడా అందుకే. మైకు నా చేతికిచ్చారు.

"ఆ ఫొటోలో ఉన్నది పిచ్చర్ కాదండి. అసలు పిచ్చర్ని ఈయన తీయించారు. దాని భుజం బాగానే ఉందని సెలెక్టర్లకి చెప్పాల్సింది నేను. చెప్పలేదు" అన్నాను.

కాసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత, ఆహా ఎంత వినయం అనుకుని చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా ఆ పెద్దమనిషే కొట్టారు.