నువ్వుల ముద్దల మీద సున్నా

ఆ రోజుల్లో నాకొక జబ్బు ఉండేది. ఇంగ్లీషు అక్షరం ఎక్కడ కనిపించినా చదివి, పక్కవాళ్లకు అర్థం చెప్పి, వాళ్లు అడగని సలహా కూడా ఒకటి పారేసేదాన్ని. డిగ్రీ మధ్యలో ఆపేసి హనుమకొండలో ఒక చిన్న ప్రెస్సులో టైపు కొట్టే పనిలో చేరాను. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, వాటితో పాటు ఇళ్లల్లో చేసి అమ్మే పిండివంటల ప్యాకెట్లకు అంటించే లేబుళ్లు. కేలరీ, ప్రొటీన్, ఫ్యాట్ అని రోజుకు నాలుగుసార్లు కొట్టేసరికి నేనే సగం డాక్టరునని నమ్మకం కుదిరింది. (మిగతా సగం ఎందుకులే అని వదిలేశాను.) లేబుళ్ల మీద నాకు మంట కూడా అప్పుడే మొదలైంది. ప్యాకెట్ ముందువైపు పచ్చటి పొలం, నవ్వే ఆవు, ఇంతింత అక్షరాల్లో గొప్పలు. వెనక్కి తిప్పితే అసలు సంగతి ఆవగింజంత అక్షరాల్లో, అదీ ఇంగ్లీషులో, అదీ ప్యాకెట్ అతుకు మడతలో. తినేది తెలుగు నోళ్లు, రాసేది ఎవరికోసమో! కోపం న్యాయమైనదే. కాకపోతే ఆ అక్షరాలను అంత చిన్నగా కుదించే చేతుల్లో నావి కూడా ఉన్నాయని అప్పుడు గుర్తుకు రాలేదు.

మా నాన్నకు అన్న, మా పెద్దబాపు, బస్సు కండక్టరుగా ములుగు రూటులో తిరిగి రిటైరయ్యాడు. టికెట్ లేకుండా ఎక్కినవాణ్ణి ముఖం చూసి పట్టేస్తాడని ఆయనకు పేరు. అలాంటి మనిషి షుగర్ వచ్చిందని తెలిశాక పసిపిల్లాడిలా డీలా పడిపోయాడు. తీపి అంటే ప్రాణం ఆయనకు. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ఆవరణలో అందరికీ టీ, బిస్కెట్లు ఇస్తుంటే ఈయన ఒక ఉప్పు బిస్కెట్ తీసుకుని, "గిది తియ్యగ లేదు గద, తింటే ఏంగాదు" అన్నాడు. నా జబ్బు వెంటనే లేచింది. ప్యాకెట్ లాక్కుని వెనక్కి తిప్పి చూపించాను.

"చూడు పెద్దబాపూ, ఉప్పు బిస్కెట్ల గుడ చక్కెర ఉన్నది. నాలుకకేం తెలుస్తది? నాలుక మోసం జేస్తది. లేబుల్ చెయ్యది."

"నాకు ఇంగ్లీషు యాడొస్తది బిడ్డా?"

"అంకెలొస్తయి గద! గీ వంకర అక్షరం చూడు, ఎస్సు. దానితోని మొదలైన చిన్న మాట, షుగర్, గది పట్టుకో. దాని ఎదురుంగ ఎంతున్నదో చూడు. సున్నా ఉంటే ఫికర్ లేదు, తిను."

పక్కనున్న పెద్దవాళ్లంతా మెచ్చుకున్నారు. పెద్దబాపు మరునాడే ఒక భూతద్దం కొనుక్కుని జేబులో పెట్టుకున్నాడు. దుకాణాల్లో నిలబడి ప్యాకెట్లను పాత రోజుల్లో టికెట్లను తనిఖీ చేసినట్టు తనిఖీ చేసేవాడు. నేను మాత్రం ఒక మనిషిని బాగుచేశానన్న గర్వంతో ప్రెస్సుకు వెళ్లి మళ్లీ టైపు కొట్టుకునేదాన్ని.

మడికొండలో ఒక అక్క సకినాలు చేసి ప్యాకెట్లలో అమ్మేది. ఆమె లేబుల్ నేనే చేశాను. అంకెలు ఎక్కణ్ణుంచి తేవాలని అడిగితే మా ప్రెస్సు ఓనరన్న ఏదో కంపెనీ ప్యాకెట్ నా ముందు పడేసి, "గిదే ఎక్కియ్, ఎవలు జూస్తరు?" అన్నాడు. ఎక్కించాను. సకినాల్లో చక్కెర వెయ్యరు కాబట్టి ఆ వరుసలో సున్నా పెట్టాను, అదొక్కటే నా సొంత తెలివి. కొన్నాళ్లకు అక్క నువ్వుల ముద్దలు కూడా మొదలుపెట్టింది. "పేరు మార్చు చాలు, మిగిలింది గట్లనే ఉండనియ్" అన్నాడు ఓనరన్న. పెళ్లి కార్డుల తొందరలో ఉన్నాను. పేరు మార్చాను. మిగిలింది అలాగే ఉండనిచ్చాను. నువ్వుల ముద్ద అంటే సగం బెల్లమేనని ఓరుగల్లులో పుట్టిన ఏ పిల్లకైనా తెలుసు. నాకూ తెలుసు. కానీ నేను వంట చేయడం లేదు కదా, టైపు కొడుతున్నాను!

పెద్దబాపు వారం రోజులు పొద్దునా సాయంత్రం ఆ ముద్దలు తిన్నాడు. కళ్లు తిరిగి పడిపోతే దవాఖానలో చేర్పించారు. రెండు రోజులు సెలైన్. ఏం తిన్నావని డాక్టరమ్మ గద్దిస్తే దిండు కింద నుంచి ప్యాకెట్ తీసి, భూతద్దం పెట్టి, "సున్నా ఉన్నది మేడమ్, మీరే చూడుండ్రి" అన్నాడట. ఇంటికి వచ్చాక ఆ ప్యాకెట్ నా చేతిలో పెట్టాడు.

"చదువు బిడ్డా. యాడ రాసిన్రో అడ్రస్ జూడు. గిది అబద్ధ సాక్ష్యం. రాసినోణ్ణి దొరకవట్టాలె. బండి తియ్."

చదవక్కర్లేదు. ఆ గీతలు నావి, ఆ సున్నా నాది. అప్పుడే చెప్పేయాల్సింది. స్కూటీ తీశాను. దొంగను పట్టుకోవడానికి దొంగే బండి నడపడం నేనెక్కడా వినలేదు. కాజీపేట దాటే వరకు వెనక కూర్చుని తిడుతూనే ఉన్నాడు. "మనుషుల పాణాలంటే లెక్కలేదా? వానికి ఇంట్ల పెద్దోళ్లు లేరా?" ఉన్నారు పెద్దబాపూ, వెనక సీట్లోనే ఉన్నారు అని లోపల అనుకుంటూ హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాను. ముఖం చూసి పట్టేసే మనిషి కాబట్టి, అక్క ఇంట్లోకి వెళ్లాక కూడా హెల్మెట్ తీయకుండా తలుపు దగ్గరే నిలబడ్డాను.

అక్క బెల్లం పాకం కలుపుతోంది. పెద్దబాపు ప్యాకెట్ ఊపుతూ నిలదీశాడు. ఆమెకూ కోపం వచ్చింది. "నాకేమెరుక పెద్దయ్యా? నేను ముద్దలు జేస్తాన్న. అక్షరాలు ప్రెస్సోళ్లు కొడ్తరు. బెల్లం ఏస్తానని వాళ్లకు జెప్పిననే!" అని, నావైపు చూసి, "నువ్వు గట్ల నిలవడ్డవేంది చెల్లే, హెల్మెట్ తీసి కూసో" అంది. తీయక తప్పలేదు. తీశాను. అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. "ఓ యవ్వ! నువ్వు ప్రెస్సు పిల్లవు గాదా? నువ్వే గద రాసింది!"

పెద్దబాపు నావైపు తిరిగాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. పెద్దబాపు పీట మీద కూర్చుని మంచినీళ్లు అడిగి తాగాడు.

"కాజీపేట కాణ్నుంచి నీ మెడ మీద చెమట చూసుకుంటనే వచ్చిన బిడ్డా. టికెట్ లేనోళ్లకు గట్లనే పడ్తది. నీ నోటితోని నువ్వే చెప్తవేమోనని చూసిన."

నేను ఏడవడం మొదలుపెట్టాను. ఆయన ఇంకా మెల్లగా అన్నాడు. "మొదటి ముద్దకే నా నాలుక జెప్పింది, బెల్లం అని. నువ్వు నాలుకను నమ్మద్దన్నవు గద. నమ్మలే."

అంత సిగ్గు నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు. ఓనరన్న మీద, కంపెనీ ప్యాకెట్ మీద, ఆ రాసే పద్ధతి మీద ఎంత మండిపడినా ఆ మాట ముందు ఏదీ నిలవలేదు. అక్క కాంటా తెచ్చింది. నువ్వులు ఎంత, బెల్లం ఎంత అని తూచింది. పెద్దబాపు చెబుతుంటే నేను రాసుకున్నాను. ఏది ఎక్కువ వేస్తే అది ముందు రాయాలని అప్పటికి ప్రెస్సులో విని ఉన్నాను గానీ, పాటించడం ఆ రోజే. కొత్త లేబుల్‌లో అన్నిటికంటే పైన, తెలుగులో, భూతద్దం అక్కర్లేని సైజులో ఒక మాట పెట్టించాడాయన. 'ఇందులో బెల్లం ఉంది. షుగర్ ఉన్నవాళ్లు తినొద్దు.' ఓనరన్న నెత్తి కొట్టుకున్నాడు. "గిది అమ్మే లేబులా, బెదిరిచ్చే లేబులా?" అక్క మాత్రం అదే కావాలని పట్టుబట్టి కొట్టించుకుంది.

ఇప్పుడు నాకూ నలభై దగ్గర పడుతోంది. మొన్న డాక్టరు నాకూ షుగర్ బార్డర్‌లో ఉందన్నాడు. సూపర్ మార్కెట్‌లో నిలబడి ఫోన్ కెమెరాతో అక్షరాలు పెద్దవి చేసుకుంటూ తిట్టుకుంటూ ఉంటాను. 'చక్కెర కలపలేదు' అని ముందు రాసి, వెనక మాల్ట్ అనో, సిరప్ అనో మారుపేర్లతో దూర్చేస్తారు. ఆ అంకెలన్నీ ఒక 'సర్వింగ్'కేనట, అంటే రెండు బిస్కెట్లకట! ఈ భూమ్మీద రెండు బిస్కెట్లతో ఆగినవాళ్లు ఎవరో నాకొకసారి చూపించండి! మొన్న అలా రుసరుసలాడుతూ ఇంటికి వచ్చి, కొత్తరకం బిస్కెట్ల ప్యాకెట్ మీది ప్రతి వరుసా పెద్దబాపుకు తెలుగులో చదివి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని అంతా విన్నాడు. చివరికి చెయ్యి చాపి, ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుని కాసేపు ఆలోచించాడు.

"మంచిగనే ఉన్నట్టున్నది. గని బిడ్డా, గీ లేబుల్ గుడ నువ్వే కొట్టలే గద?"

లేదని చెప్పి నవ్వాను. నవ్వుతూనే చెయ్యి వెనక్కి పెట్టి మెడ తుడుచుకున్నాను.