అయ్యగారి వాచీలో ఒక్క చుక్క నూనె

ఒకే ఒక్క చుక్క నూనెతో మా అన్నయ్య కూతురి పెళ్ళిని పెటాకుల దాకా తీసుకెళ్ళిన ఘనుణ్ణి నేను. నవ్వకండి. ఆ రోజు చెరుకుపల్లి చర్చిలో నేను కార్చిన చెమట పడితే ఒక మడి నారు బతికేది.

నేను తెనాలిలో లెక్కల మాస్టారిని. ఆ వేసవి సెలవుల్లో ఆటోమేటిక్ వాచీల పిచ్చి పట్టింది. చేతికి పెట్టుకుని తిరిగితే చాలు, తనకు తానే కీ ఇచ్చుకునే వాచీలన్నమాట. ఫోనులో వీడియోలు చూసి కంటికి తగిలించుకునే భూతద్దం, చీమకాలంత స్క్రూడ్రైవర్లు, పట్టకారు, వాచీ నూనె తెప్పించాను. నా పాత వాచీని విప్పి, కడిగి, నూనె వేసి బిగించాను. నడిచింది! ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు.

"ఒక్క దోసె గుండ్రంగా వచ్చిందని హోటలు పెట్టేస్తారా?" అంది మా ఆవిడ సుజాత.

వింటేగా! పెళ్ళి మాట్లాడ్డానికి వెళ్ళినప్పుడు చెరుకుపల్లి పాస్టరుగారు, మేమంతా అయ్యగారు అని పిలిచే పెద్దాయన, "నా వాచీ రోజుకు ఐదు నిమిషాలు వెనకపడుతోంది ప్రభాకరం" అన్నారు. "ఇలా ఇవ్వండయ్యగారూ. సెకను తేడా లేకుండా చేసి పెళ్ళిరోజు పొద్దున్నే తెచ్చిస్తాను" అన్నాను. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. నేను అడక్కుండానే పెట్టుకున్నాను, చెయ్యి నిప్పులో.

పెళ్ళిరోజు తెల్లవారగానే చివరి చుక్క వేయబోతున్నాను. "బస్సు వెళ్ళిపోతుందండీ!" అని సుజాత కేక. ఉలిక్కిపడ్డాను. చుక్క పడాల్సిన చోట కాక వెంట్రుక కన్నా సన్నటి చుట్ట స్ప్రింగు మీద పడి పాకింది. వెంటనే మా అమ్మ మాట గుర్తొచ్చింది: ఆవకాయకి నూనె తగ్గితే ప్రమాదం కానీ ఎక్కువైతే కాదు. నిజమే కదా అనుకుని మూత బిగించేశాను. చూశారా, లెక్కల మాస్టారి తర్కం!

తొమ్మిదింటికి చర్చి గేటు దగ్గర ఫోను చూసి టైము పెట్టి, అయ్యగారి చేతికి నేనే తొడిగాను. ఆయన మురిసిపోయి పదిమందికి చూపించారు. పదకొండింటికి పెళ్ళి. అయ్యగారికి ఒక నియమం ఉంది. అరగంట మించి ఎవరి కోసమూ ఆగరు. ఆలస్యమైతే పెళ్ళి సాయంత్రం నాలుగింటికే.

కాసేపటికి అయ్యగారు వరండాలోకి వచ్చారు. "పదకొండైందే! పెళ్ళికొడుకు వాళ్ళేరి?"

నా ఫోను చూసుకున్నాను. పదిన్నర! గంటన్నరలో అరగంట ముందుకు దూకింది వాచీ.

"అయ్యగారూ, వాచీ ఒక్కసారి ఇలా ఇస్తారా, పట్టీ సరిచేస్తాను."

"పట్టీ బాగానే ఉందిలే."

"అద్దం తుడుస్తానండి."

"అద్దంలా ఉందయ్యా! నువ్వెళ్ళి పెళ్ళికొడుకు వాళ్ళ బస్సు ఎక్కడుందో కనుక్కో."

మగపెళ్ళివాళ్ళకి ఫోను చేశాను. కర్లపాలెం ఎప్పుడో దాటామన్నారు. నిజం చెప్పేద్దామా? పక్కనే మా రత్నం అన్నయ్య, పెళ్ళికూతురి తండ్రి, "మా తమ్ముడు గడియారాల డాక్టరండీ" అని బంధువులకు చెప్పుకుంటున్నాడు. బస్సు వాచీని గెలవాలని చేతులు జోడించి నిలబడ్డాను. ఆ నూనె తాగిన గుర్రాన్ని ఏ బస్సు గెలుస్తుంది?

"అరగంట దాటింది" అన్నారు అయ్యగారు. "సాయంత్రం నాలుగింటికి చూద్దాం."

అప్పుడే బస్సు వచ్చి ఆగింది. నా ఫోనులో పదీ యాభై ఐదు. వియ్యంకుడుగారు నవ్వుతూ దిగారు. బాపట్లలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. సర్వీసంతా ఒక్క రోజూ లేటు కాలేదని ఆయన గర్వం.

"ఐదు నిమిషాలు ముందే వచ్చామండి" అన్నారు.

"ముప్ఫై మూడు నిమిషాలు లేటు" అన్నారు అయ్యగారు, చెయ్యి చాచి వాచీ చూపిస్తూ.

"ఏంటి! నేను లేటా? నా ఫోను చూడండి!"

"ఫోన్లకేంటండీ, ఏ టవరు ఏం చెబుతుందో. ఇది ఇవాళే సర్వీసైన వాచీ."

హెడ్మాస్టరుగారి ముఖం ఎర్రబడింది. "నన్ను అబద్ధాలకోరు అంటున్నారన్నమాట. ఒరేయ్, బస్సు తిప్పమనండ్రా!"

రత్నం అన్నయ్య పరుగున వెళ్ళి ఆయన చేతులు పట్టుకున్నాడు. లోపల గదిలోంచి పెళ్ళికూతురు గ్రేస్ తొంగిచూసింది. కాటుక అప్పుడే కరుగుతోంది. "బాబాయ్, ఏమైంది?" అంది. ఆ ఒక్క పిలుపుకి నా పరువు, ప్రతిష్ఠ రెండూ నీరుగారిపోయాయి.

"ఇదిగో, బాగుచేసినాయన ఇక్కడే ఉన్నాడు" అన్నారు అయ్యగారు. "చెప్పు ప్రభాకరం, వాచీ రైటా, వాళ్ళ ఫోన్లు రైటా?"

రెండు వైపుల బలగమూ నావైపు తిరిగింది.

"ఫోన్లే రైటండీ. వాచీలో నూనె ఒక చుక్క పక్కన పడి, స్ప్రింగు చుట్టలు ఒకదానికొకటి అతుక్కుని వాచీ పరుగెడుతోంది. ఆ సంగతి నాకు పొద్దున్నే తెలుసండీ. తప్పు నాదే."

అయ్యగారు మెల్లగా వాచీ విప్పి నా అరచేతిలో పెట్టారు. హెడ్మాస్టరుగారి వైపు తిరిగి, "క్షమించండి బాబూ" అని నమస్కారం పెట్టారు. ఆయన కూడా చల్లబడి, "పదండి, ముందు పెళ్ళి కానివ్వండి" అన్నారు. రత్నం అన్నయ్య మాత్రం నావైపు చూడలేదు.

పదకొండింటికి పెళ్ళి మొదలైంది. ఉంగరాలు మార్చుకున్నారు, ప్రమాణాలయ్యాయి. హమ్మయ్య అనుకున్నాను. అయ్యగారు వధూవరులకు నాలుగు మంచి మాటలు చెప్పడం మొదలుపెట్టారు. నాలుగు నలభై అయ్యాయి. నలభై నాలుగొందలయ్యాయి. మధ్యమధ్య ఎడమచేతి మణికట్టు చూసుకుంటారు, అక్కడ ఏమీ కనబడదు, ఇంకో వాక్యం అందుకుంటారు. ఒంటిగంటైంది. బయట బిర్యానీ చల్లారింది. పెళ్ళికొడుకు నిలబడే కునుకు తీశాడు.

రెండు కావస్తుండగా ఎవరో నా భుజం తట్టారు. హెడ్మాస్టరుగారు. నా చెవి దగ్గరికి వంగి బతిమాలుతున్నట్టు అడిగారు:

"బాబూ, ఆ వాచీ ఏదండి? ఎంత ఫాస్టుగా తిరిగినా పర్లేదు, ముందు అయ్యగారి చేతికి పెట్టెయ్యండి!"

అందుకని పాఠక మహాశయులారా, మీ అందరి ఎదుట కుడిచెయ్యి గుండెల మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. బొందిలో ప్రాణం ఉండగా ఇంకొకరి వాచీ మూత విప్పను. నూనె జోలికి వెళితే దోసె పెనం దాకానే వెళతాను. అదీ సుజాత పక్కన నిలబడి చూస్తుంటేనే.