మామ బిగించిన మూడు ఫ్యాన్లు

జహీరాబాద్‌లో ట్రాక్టర్లు బాగుచేసే మా మేనమామ ఏ యంత్రం మీదైనా ముందు అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. ఇంట్లో పాటలు రికార్డు చేసుకోవడానికి చవకలో, చప్పుడు చేయని కంప్యూటర్ కావాలని నోరు జారాను. ఆ మహానుభావుడు విడిభాగాలు తెచ్చి, మూడు పెద్ద ఫ్యాన్లు పెట్టి తానే బిగించాడు. ఆన్ చేస్తే ఇల్లంతా హోరు.

"గింత సప్పుడేంది మామా?"

"సప్పుడు రాకుంటె నడుస్తుందని ఎట్ల ఎర్కయితది అల్లుడా?"

ఆ హోరులోనే రికార్డు చేసిన నా మొదటి పాట వినిపించాను. స్పీకరు మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, "ఫ్యాన్లు మంచిగ తిరుగుతున్నయ్" అని మెచ్చుకున్నాడు. నా గొంతు ఊసే ఎత్తలేదు.

మామ చనిపోయిన ఏడాదికి చప్పుడు చేయని కంప్యూటర్ కొని, అదే పాట మళ్ళీ పాడాను. ఈసారి నా గొంతు, తప్పిన శ్రుతితో సహా, స్పష్టంగా వినిపించింది. మామ మూడు ఫ్యాన్లు ఎందుకు బిగించాడో అప్పుడు అర్థమైంది.