వాగు ఇవతల చిచ్చా

చిచ్చా పోయాడు. మంచిర్యాల ఆసుపత్రి నుంచి ఆయన అల్లుడు తెల్లవారగానే ఫోన్ చేసి చెప్పాడు. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు నా నోట వచ్చిన మాట, "ఏడ పెడుతరు?" అని.

"అత్త పక్కన పెట్టమన్నడు సిస్టరమ్మా. నిన్నటి సంది గదొక్కటే మాట."

ఆ అత్త, అంటే చిచ్చా భార్య, వాగు అవతల వాళ్ల ఊరి ఖబ్రస్తాన్‌లో మట్టి కింద ఉంది. నేను కిటికీ తెరిచి చూశాను. వాన పడుతూనే ఉంది.

ఆయన నాకు చుట్టం కాదు. నేను వాగు అవతలి ఊళ్లకు మందులూ సూదులూ మోసుకుపోయే నర్సును. ఆయన నన్ను దాటించే డ్రైవరు. కాగజ్‌నగర్ బస్సు మమ్మల్ని దింపే చోట, చాయ్ హోటల్ ముందు ఆయన జీపు నిలబడి ఉండేది. వెనక తొట్టి ఉన్న పాత డీజిల్ జీపు అది. ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందుతుంది. దాని రంగు ఏమిటో ఇద్దరిని అడిగితే రెండు మాటలు చెబుతారు. ఊరంతా చిచ్చా, అంటే చిన్నాయన, అంటుంటే నేనూ అలాగే పిలిచాను. వాగు మీద వంతెనకు పిల్లర్లు లేచి, అక్కడితో పని ఆగి, చువ్వలు తుప్పు పట్టిపోయాయి. "కొంగలు కూసునేటందుకు కట్టిండ్రు. మంచిగనే కూసుంటున్నయ్" అనేవాడు. నాకు మండిపోయేది. ఆయనకు మంట కూడా ఆరిపోయింది కాబోలు.

మృగశిర రాగానే జీపును నీళ్లకు తయారు చేసేవాడు. చూసి చూసి ఆ పని నాకు కూడా నోటికి వచ్చేసింది. ఇంజను గాలి పీల్చే దారికి బోరు పైపు అతికి, టాపు కంటే ఎత్తుకు లేపి, సందుల్లో సైకిల్ ట్యూబు బిగించి చుట్టేవాడు. పొగ గొట్టానికీ అదే వైద్యం. గుక్కెడు నీళ్లు లోపలికి పోయినా ఇంజను పని అయిపోయినట్టే.

తర్వాత నా వంతు. "సిస్టరమ్మా, సెలైన్ పైపులు ఇస్తవా?" అని మొదటిసారి అడిగినప్పుడు ఈయన పొద్దున్నే ఏమైనా వేసుకున్నాడా అనుకున్నాను. చిచ్చా చాయ్ తప్ప ఏదీ ముట్టడని అప్పటికి తెలియదు.

"ఎవరికి జ్వరం?" అన్నాను.

"జీపుకు. గిటు చూడు, ఇరుసుకు చిన్న రంధ్రం ఉన్నది. అది దాని ఊపిరి. నడిచి నడిచి వేడి మీదుంటది. చల్లటి నీళ్లు తాకంగనే గుటుక్కున మింగుతది. అందుకని మూతి పైకి పెట్టాలె."

గడువు తీరిన పైపులు ఇచ్చేదాన్ని. వాటిని ఆ రంధ్రాలకు తొడిగి, పైకి లాగి, సీటు వెనక కట్టేవాడు. మా ఆసుపత్రిలో కూడా ఎవరూ అంత శ్రద్ధగా సెలైన్ కట్టరు.

ఒకసారి అవతలి ఊళ్లో ఒకమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. తొట్టిలో పరుపు వేసి పడుకోబెట్టి వాగు దాకా తెచ్చాం. ఆ పిల్ల కేకలు పెడుతుంటే, ఈయన దిగి తీరిగ్గా బానెట్ ఎత్తి ఫ్యాను బెల్టు విప్పుతున్నాడు.

"చిచ్చా, జర జల్ది చెయ్. ఇక్కడనే అయ్యేటట్టున్నది."

"ఫ్యాను నీళ్లల్ల తిరిగితే రెక్క వంగి రేడియేటర్‌ను చీరుతది. నడుమ వాగుల నిలబడుదామా?"

నీళ్లు ఇంజను మీదికి కొట్టకుండా ముందు భాగానికి తాడుపత్రి, అంటే టార్పాలిన్ పట్టా, కట్టాడు. తలుపులు ఊడదీసి తొట్టిలో పెట్టాడు. లుంగీ ఎగ్గట్టి, వెదురు కర్ర పట్టుకుని, తానే ముందు వాగులోకి నడిచాడు. ప్రతిసారీ అలా నడవాల్సిందే. మొన్న దాటిన దారి ఈరోజు ఉండదనేవాడు. నీళ్లు ఛాతి దాటకపోతే తిరిగి వచ్చి బండి ఎక్కుతాడు. దాటితే తాళం తీసి జేబులో వేసుకుంటాడు, అంతే. "ఛాతి దాటితే బండి తేలుతది. తేలిన బండికి స్టీరింగ్ ఉండి ఏం ఫాయిదా?"

ఆ రోజు నీళ్లు నడుము మీదే ఆగాయి. మొదటి గేరులో వేసి, మధ్యలో ఆపకుండా, గేరు మార్చకుండా, నడక వేగంతో పోనిచ్చాడు. నా మోకాళ్ల మీదుగా నీళ్లు ఇటు వచ్చి అటు పోయాయి. మందుల సంచి నెత్తిన పెట్టుకుని నాకు తెలిసిన దేవుళ్లందరినీ తలుచుకున్నాను. ఆయన పెదాలు కూడా కదులుతూనే ఉన్నాయి. గట్టు ఎక్కగానే దిగి, ఇరుసు కింద నట్టు వదులు చేసి, ఆయిలు వేలికి అద్ది చూసుకున్నాడు. అది పాలు పోసిన చాయ్ రంగుకు తిరిగితే నీళ్లు చేరినట్టు. తిరగలేదు. అప్పుడు పుట్టిన పిల్ల ఇప్పుడు నన్ను చూస్తే సూదికి భయపడి పారిపోతుంది.

అన్నీ అలా జరగలేదు. ఒక వానాకాలం అవతలి ఊళ్లో ఒక రైతును పాము కరిచింది. చిచ్చా ఇవతల ఉన్నాడు, నేనూ ఇవతలే ఉన్నాను. కర్ర పట్టుకుని దిగాడు, వెనక్కి వచ్చాడు. కాసేపాగి మళ్లీ దిగాడు, మళ్లీ వచ్చాడు. తాళం జేబులో వేసుకున్నాడు. ఆ రైతు సాయంత్రానికి పోయాడు. ముసలోనికి పాణం మీద తీపి అని వాళ్ల మనుషులు నలుగురిలో తిట్టారు. చిచ్చా తల వంచుకుని విన్నాడు. తర్వాత చాయ్ చల్లారబెట్టుకుంటూ నాతో అన్నాడు, "నీళ్లతోని జిద్దుకు పోవద్దు సిస్టరమ్మా. దానికి ఇంటికి పోయే ఫికర్ లేదు. మనకున్నది."

ఇటీవల ఛాతిలో నొప్పి వస్తే తానే జీపు నడుపుకుంటూ వాగు దాటి, హోటల్ ముందు పెట్టి, మంచిర్యాల బస్సు ఎక్కాడు. ఆయన బస్సెక్కిన సాయంత్రమే వాగు పొంగింది.

అంబులెన్సు ఆయన్ను తీసుకొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. దూరం నుంచి పిలిపించిన పడవవాడు నీళ్లు చూసి, దణ్ణం పెట్టి రానన్నాడు. పొద్దుగూకేలోగా మట్టి చేయాలని పెద్దలు అన్నారు. అల్లుడు నా వైపు చూశాడు. అతను లారీ డ్రైవరు, పని చేతిలో ఉంది. ఈ జీపు సంగతి నాకు తెలుసు. నేను చెబుతుంటే అతను బిగించాడు. పైపులు చూసుకున్నాం, బెల్టు విప్పాం, తాడుపత్రి కట్టాం, బరువుకు ఇసుక బస్తాలు వేశాం. జనాజా పాడె పెట్టడానికి తొట్టిలో చోటు వదిలాం. అవతలి గట్టున ఊరంతా వానలో నిలబడి ఉంది. గుంత తవ్వి పెట్టామని వాళ్లు ఫోన్ చేశారు.

అల్లుడు నడుముకు తాడు కట్టుకుని కర్ర పట్టుకుని దిగాడు. సగం కూడా పోకముందే నీళ్లు మెడకు వచ్చాయి. లాగేశాం. వణుకుతూనే వెళ్లి సీట్లో కూర్చుని జీపు స్టార్ట్ చేశాడు.

"ఒక్కసారి పోనిస్త సిస్టరమ్మా. గీ ఒక్క కోరికనే అడిగిండు."

నాకూ పోనివ్వమనే ఉంది. నిజం చెబుతున్నాను, నోటి దాకా వచ్చింది.

"మీ మామ ఉంటే పోనిస్తుండెనా?" అన్నాను.

అతను స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాడు. నేను చేయి పెట్టి తాళం తీశాను. కాగజ్‌నగర్ తీసుకుపోయి అక్కడి ఖబ్రస్తాన్‌లో, ముందూ వెనకా ఎవరో తెలియని వాళ్ల మధ్య పెట్టాం. దారిలో అవతలి నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. "గుంతల నీళ్లు నిండుతున్నయ్. ఏం చేద్దాం?" అల్లుడు ఫోన్ నా చేతికిచ్చాడు.

"పూడ్చుండ్రి" అన్నాను.

నీళ్లు తగ్గాక చెప్పులు చేత పట్టుకుని, కర్రతో తడుముకుంటూ, వాగు నడిచి దాటాను. ఇప్పుడు అందరం అలాగే దాటుతున్నాం. నడవలేని వాళ్లు దాటడం లేదు. అవతలి ఊళ్లోని మా ఆరోగ్య సెంటరుకు పోయే ముందు ఖబ్రస్తాన్ వైపు తిరిగాను. చిచ్చా భార్య మీద మట్టి గుట్టగా ఉంది, గడ్డి మొలిచింది. పక్కన పూడ్చిన చోటు ఎర్రగా, తడిగా, చదునుగా ఉంది. లోపల మనిషి లేడు కదా, తవ్విన మట్టంతా తిరిగి అందులోకే సరిపోయింది.