గంజి దిగిన చొక్కా, అడవికోడి

అడవిలో నడక కష్టమని ఎవరైనా అంటే నమ్మకండి. గజపతినగరం దాటాక కొండ కిందుగా మేం నడిచే బాట మా వీధి కంటే నయం. కష్టమల్లా అడవికోడిని చూడడమే. రెండు ఆదివారాలు తిరిగి నేను చూసిన వన్యప్రాణి ఒక మేక. దాని మెడలో గంట కూడా ఉంది.

వెంట వచ్చిన మా అక్క మొగుడు ఈ వార్త చుట్టాలందరికీ చేరవేశాడు. "కోడిని సూడ్డానికి అడివికెందుకురా? మా పెరట్లో ఆరున్నాయి, కుర్సీ ఏసుకుని సూడు" అనేవాడు. రాజాంలో ఒక పెళ్లిలో, ముఖపరిచయం కూడా లేని ఒకావిడ "కోడి కనబడిందా బాబూ?" అని పలకరించింది. మూడో ఆదివారం దాన్ని చూడకుండా ఇంటికి రాకూడదనుకున్నాను.

మంచి పనికి మంచి చొక్కా వేసుకోవడం మా ఇంటి అలవాటు. పొందూరు ఖద్దరు, చిక్కటి గంజి పెట్టి ఇస్త్రీ చేసినది. చెయ్యి ఊపితే అప్పడం విరిగినట్టు చప్పుడు. నాకది హుందాగానే తోచింది. ఆ ఆదివారం నేనూ బావా బాట ఎక్కగానే పాలపిట్ట లేచిపోయింది. ముంగిస పొదలో దూరింది. ఎండుటాకుల్లో ఏదో గీరుతున్న చప్పుడు కూడా ఆగిపోయింది.

ఈసారి దారి చూపడానికి వచ్చిన అడవి కాపలా తాత వెనక్కి తిరిగాడు.

"బాబూ, నీ సొక్కా నీకన్నా ముందు నడస్తన్నాది. పోయిన వారాలూ ఇలాటిదే ఏసుకొచ్చినావేటి?"

"అవును."

తాత పక్కనే పారుతున్న గెడ్డ వైపు చూశాడు.

ఆ గెడ్డ నీళ్లలో చొక్కా జాడించాను. గంజి తెల్లగా పారింది. తడి చొక్కా తొడుక్కుంటే ఒంటికి అంటుకుని నోరు మూసుకుంది. పడీపడీ నవ్వుతున్న బావ నోరు తాత మూయించాడు.

వంద అడుగులు నడిచామో లేదో, బాట మీదికి రెండు పెట్టలు, వాటి వెనక పుంజు వచ్చాయి. నిప్పు రంగు మెడ, పచ్చగా మెరిసే నల్లతోక. మమ్మల్ని లెక్కచేయకుండా తీరిగ్గా ఆకులు గీరింది. పెరట్లో ఆరింటికీ కలిపి ఆ ధీమా లేదు.

బావ నా తడి చేతిని గట్టిగా పట్టుకున్నాడు. "ఒరే... బంగారంరా" అన్నాడు గొంతులోనే. ఆయన మెల్లగా మాట్లాడగా వినడం నాకదే మొదలు.

తిరుగు దారిలో నలిగిన చొక్కాతోనే రాజాం బజారులో బస్సు దిగి, ఎవరైనా కోడి సంగతి అడుగుతారేమోనని పని లేకపోయినా ఆ చివర్నుంచి ఈ చివరికి రెండుసార్లు నడిచాను. బావ అప్పటికే ఫోనులో ఉన్నాడు. "అవునే, నా కళ్లతో సూసాను! ఆడా? ఆడూ పక్కనే ఉన్నాడు."

నాకేం అభ్యంతరం లేదు. వచ్చే ఆదివారానికి తన చొక్కాకి గంజి పెట్టొద్దని అక్కకి అప్పుడే చెప్పేశాడట.