మహిళా సీటుకు మగవాళ్ల చర్చ

"మేడమ్, మీకు పిల్లలెంతమంది?" అని మైకులో అడిగాడు తెల్లజీపు ఆయన.

"ఇద్దరు" అన్నాను.

షామియానా కిందున్న వాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఇద్దరు పిల్లలున్నందుకు అంతకుముందు నాకెవరూ చప్పట్లు కొట్టలేదు. ఏదో ప్రమాదం రాబోతోందని నాకు మొదట తోచింది ఆ క్షణంలోనే. వెనక వరసలో మా ఆయన కూడా చప్పట్లు కొడుతూ కనిపించాక ఆ అనుమానం బలపడింది.

అప్పటికి మేము శామీర్‌పేట దాటి, లాల్‌గడి మలక్‌పేట్ దగ్గర కొత్త కాలనీలో ఇల్లు కట్టుకుని రెండేళ్లు కావస్తోంది. మా ఆయన తుర్కపల్లిలో మందుల ల్యాబ్‌లో పనిచేసేవారు. పొద్దున్నే కంపెనీ క్యాబ్ వచ్చి తీసుకెళ్లేది. ఆ తర్వాత పిల్లల బడి ఆటో వచ్చేది. అది సాయంత్రం కాస్త ఆలస్యమైతే నేను గేటు దగ్గర, ఇంకాస్త ఆలస్యమైతే రోడ్డు మీద ఉండేదాన్ని. కాలనీలో చాలామంది మాలాగే కోస్తా నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్లు. ఓటు మాత్రం ఊరి పంచాయతీలోనే. మొదట్లో మా ఓట్లను ఎవరూ పట్టించుకోలేదు. ఇళ్లు పెరిగాక అందరూ నమస్కారాలు పెట్టడం మొదలుపెట్టారు.

సర్పంచ్ ఎన్నికలొచ్చాయి. ఒకే పార్టీ అండ కోసం ఇద్దరు పోటీపడ్డారు. ఒకాయన ఊరి పెద్దాయన. మా ప్లాట్లన్నీ ఒకప్పుడు ఆయన పొలాలే. రెండో ఆయన వాటిని మాకు అమ్మిపెట్టినాయన. ఆయన ఎప్పుడూ తెల్ల జీపులోనే తిరిగేవాడు. కాలనీ ఎవరిని అంటే వాళ్లకే పార్టీ అండ అని మండలం నాయకుడు తేల్చేశాడు.

మా కాలనీ సంఘం కార్యదర్శి బ్యాంకులో పనిచేసి రిటైరైనవారు, టీవీలో అమెరికా ఎన్నికలు చూసేవారు. "అక్కడ అధ్యక్ష ఎన్నికకు ముందు ఒకే పార్టీవాళ్లు వేదికెక్కి ఒకళ్లనొకళ్లు కడిగేసుకుంటారమ్మా. అందులో నెగ్గినవాడే పార్టీ అభ్యర్థి. మనమూ అలాగే పెడదాం. ప్రశ్నలు నువ్వడుగు, రాజనీతిశాస్త్రం ఎమ్మే చేశావుగా" అన్నారు. పెళ్లయ్యాక ఆ డిగ్రీతో ఒకరికి అవసరం పడటం అదే మొదలు. కాదనలేకపోయాను.

ఒక చిన్న విషయం ఉంది. ఆసారి సీటు మహిళలకు రిజర్వయింది. అంటే అభ్యర్థులు వాళ్ల భార్యలు. చర్చకు వచ్చింది భర్తలు. ఇందులో ఎవరికీ ఏ ఇబ్బందీ కనిపించలేదు. ఫ్లెక్సీల మీద భర్త నిలువెత్తున చేతులు జోడించి ఉండేవాడు. భార్య బొమ్మ మూలన, రేషన్ కార్డు ఫొటో అంత.

ఆదివారం పొద్దున చర్చ మొదలైంది. గంట లేదు కాబట్టి టైమైపోగానే కార్యదర్శిగారు స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టేవారు. మొదట నీళ్ల గురించి అడిగాను.

"మీ బోరున్న జాగ ఎవలిది చెల్లె? మా నాయినది" అన్నాడు పెద్దాయన. "మా నాయిన చేన్ల నిలబడి నీళ్లు లేవంటే నాకు పాణం ఎట్లనో అయితది."

తెల్లజీపు ఆయన అంత దూరం పోలేదు. "నీళ్లా? జల్దీ చేపిస్త. రోడ్డా? జల్దీ. లైట్లా? గవి గుడ జల్దీ."

"జల్దీ అంటే ఏ సంవత్సరం తమ్మీ?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

వీధికుక్కల బెడద గురించి అడిగితే మాత్రం ఇద్దరికీ ఒకే అభిప్రాయం. అవి పక్క ఊరి కుక్కలన్నారు.

పెద్దాయన చేసిన పనులు చెప్పాడు, అవి జరిగింది మేము రాకముందు. తెల్లజీపు ఆయన చేయబోయే పనులు చెప్పాడు. మేము కాలనీలో ఉంటున్న ఆ రెండేళ్ల గురించి ఇద్దరిలో ఎవరూ మాట్లాడలేదు. అమెరికా చర్చ కూడా ఇలాగే ఉంటుందా అని కార్యదర్శిగారిని అడిగాను. "టై కట్టుకుంటారు" అన్నారు.

కాగితం మీది ప్రశ్నలు అయిపోయాయి. అప్పుడు కాగితంలో లేనిదొకటి అడిగాను.

"ఇది మహిళా సీటు కదా. అభ్యర్థులు రాలేదా? వాళ్లు మాట్లాడరా?"

మైకు కీచుమంది. కార్యదర్శిగారు లేచి దాన్ని సరిచేశారు.

"ఆమె ఎన్క వంటకాడ ఉన్నది చెల్లె" అన్నాడు పెద్దాయన. "మీటింగైనంక మీ అందరికి భోజనాలు గదా." అది నిజమే. షామియానా వెనకనుంచి బగారన్నం వాసన వస్తోంది.

"మా ఆమెకు పాప చిన్నది" అన్నాడు తెల్లజీపు ఆయన. అక్కడ నోరు జారాడు.

"ఎన్నో పాప తమ్మీ?" అని నెమ్మదిగా అడిగాడు పెద్దాయన.

"గా పాపను మా బామ్మర్దికి ఇచ్చేసినం."

"ఇస్తే ఇచ్చినవు. కన్నదెవలు?"

జనం పగలబడి నవ్వారు. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే పంచాయతీకి పోటీ చేయకూడదని చట్టం. మూడో పాపను ఎవరికిచ్చినా లెక్క కన్నవాళ్ల మీదే. తెల్లజీపు ఆయనకు చర్చ ముగియకముందే అభ్యర్థి లేకుండా పోయింది. మైకు చేతిలో పట్టుకుని కాసేపు జనంలోకి చూశాడు. తర్వాత నా వైపు తిరిగి పిల్లల సంగతి అడిగాడు.

"ఇగ మేడమే మన క్యాండిడేట్!" అన్నాడు చప్పట్లు ఆగాక. "సదువుకున్నరు. ఇద్దరే పిల్లలు. పెద్దాయననే పరేషాన్ చేసిండ్రు."

గెలిచినవాళ్లకోసం తెచ్చిన దండ ఒకటుంది. దాన్ని మా ఆయన మెడలో వేశారు.

ఇంటికొచ్చాక కూడా మా ఆయన దండ తీయలేదు. నలుగురైదుగురు వచ్చి ఆయనతో వరండాలో కూర్చున్నారు. "మేము రోడ్డు సంగతి చూస్తాం" అనడం వంటింట్లోకి వినిపించింది. ఆ "మేము"లో నేనున్నానో లేదో తెలియలేదు.

సాయంత్రం పెద్దాయన భార్య స్టీలు డబ్బాతో వచ్చింది. "తినకుండనే ఎల్లిపోయినవంట బిడ్డా" అని వంటింట్లోకే వచ్చి పీట మీద కూర్చుంది. పొద్దుననుంచి పొయ్యి దగ్గరున్న మనిషి, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నేనేడున్ననని అడిగినవంట గదా. గాడనే పొయ్యికాడ ఉన్న, అంత ఇన్న."

"తప్పుగా అనలేదండీ."

"తప్పని ఎవలన్నరు? ఒక్కటి చెప్పు. నిలబడేది నువ్వా, మీ ఆయననా?"

"ఇంకా అనుకోలేదు."

"మీ ఆయనైతే మాకేం ఫికర్ లేదు, మా ఆయన చూసుకుంటడు. నువ్వు మైకు పట్టుకుంటె నేను గుడ పట్టుకోవాలె. గందుకే ఇంట్ల లొల్లి జేస్తాండు మా ఆయన. ఓట్లు చీలుతయంట."

"మీకు మాట్లాడాలని లేదా?"

"ఎందుకుండదు? నువ్వడిగిన కుక్కలు పక్కూరివి గావు, మావే." నవ్వి లేచింది. గుమ్మం దగ్గర ఆగింది. "మీ పిల్లల ఆటో నడిపేది మా తమ్ముడే. మంచోడు."

అది భరోసానో బెదిరింపో నాకు ఇప్పటికీ తెలియదు. డబ్బా మూత తీయకుండానే గట్టు మీద పెట్టేశాను. వద్దని చెప్పేస్తే ఆటో సంగతి ఆలోచించే పనుండదు. కానీ వద్దనడానికి నన్నెవరూ అడగలేదు.

వరండా ఖాళీ అయ్యాక మా ఆయన లోపలికి వచ్చారు. "ఆవిడేమంది?"

"నిలబడేది నేనా, మీరా అని అడిగింది."

"పేరు నీదే కదా. నువ్వు సంతకం పెడితే చాలు. మీటింగులూ మండలాఫీసూ నేను చూసుకుంటా. అసలే నీకు భయం."

మంచి మనసుతోనే అన్నారు.

"భయమే. అయినా నేనే వెళ్తాను, నేనే మాట్లాడతాను. అలా కుదరకపోతే సంతకం పెట్టను."

"మరి నేనేం చెయ్యాలి?"

"మీకు క్యాబ్ వస్తుంది కదా."

"సాయంత్రం?"

"సాయంత్రం పిల్లలకి అన్నం పెట్టాలి."

ఆయన నవ్వారు. నేను నవ్వకపోవడం చూసి ఆపేశారు. కాసేపటికి దండ తీసి తలుపు గడియకు తగిలించారు. "పప్పులో నీళ్లు ఎన్ని పోయాలి?" అని అడిగారు.

మర్నాడు పొద్దున ఆటో హారన్ వినిపించాక పిల్లలిద్దరికీ సంచులు తగిలిస్తూ చెప్పాను: "అమ్మ ఎన్నికల్లో నిలబడుతోంది. కొన్నాళ్లు సాయంత్రం అన్నం నాన్న పెడతారు. ఎలా ఉన్నా తినండి. ఎవరైనా సర్పంచ్ సంగతి అడిగితే నాన్నని కాదు, అమ్మని అడగమనండి. ఆటోలో అంచున కూర్చోవద్దు."